పరిమితి దాటిన జీతాన్ని ఏ పద్దులో రాయాలి?

ప్రశ్న: నమస్కారమండీ. మాది తెనాలి దగ్గర పల్లె. తొమ్మిదేళ్ళుగా అమెరికాలో ఉంటున్నాం. నేను వర్జీనియాలో ఒక కాంట్రాక్టు కంపెనీలో, అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. రక్షణ శాఖకు సాంకేతిక సేవలు అందించే కంపెనీ ఇది. మా వ్యాపారంలో ఐదింట నాలుగు వంతులు అయిన ఖర్చును ప్రభుత్వం తిరిగి చెల్లించే కాంట్రాక్టులే. వెనకటి సంవత్సరం ఖర్చుల లెక్కను ఏటా జూన్ 30లోగా ప్రభుత్వానికి పంపాలి. ఆ పట్టికలు తయారుచేసేది నేను.

2024లో మా పెద్ద అధికారి ఒకరికి జీతం, బోనస్ కలిపి 9,00,000 డాలర్లు ముట్టాయి. ఆ సంవత్సరానికి ఒక మనిషి జీతం కింద ప్రభుత్వం నుంచి రాబట్టుకోగల గరిష్ఠ మొత్తం 6,46,000 డాలర్లు. మిగిలిన 2,54,000 డాలర్లను, ఆయన కుటుంబ సభ్యుల పేరు మీద ఉన్న ఒక చిన్న సంస్థకు కన్సల్టెన్సీ ఫీజు ఇచ్చినట్టు రాయమని మా మేనేజర్ అన్నారు. కాగితం మీద చెప్పలేదు, నా బల్ల దగ్గరికి వచ్చి నోటిమాటగా చెప్పి వెళ్ళారు. "సంతకం పెట్టేది నువ్వు కాదు కదా, నీకెందుకు భయం" అని కూడా అన్నారు.

మా వారికి చెబితే, "ప్రైవేటు కంపెనీ తన మనిషికి ఎంత ఇచ్చుకుంటే ప్రభుత్వానికెందుకు? ఈ పరిమితే అన్యాయం. అంత పెద్ద బడ్జెట్‌లో ఈ డబ్బు ఏపాటి? నువ్వు తలదూర్చకు" అంటున్నారు. నాది హెచ్-1బీ వీసా. గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నాం. ఇద్దరు పిల్లలు. ఉద్యోగం పోతే ఏమవుతుందో తలచుకుంటే నిద్ర పట్టడం లేదు. నేనేం చేయాలి? అసలు ఈ పరిమితి న్యాయమైనదేనా?

పేరు ప్రచురించవద్దు, వర్జీనియా

సమాధానం:

అమ్మా, ముందు మీకు కావలసిన మాట చెబుతాను. అలా రాయవద్దు. ఆ 2,54,000 డాలర్లు కన్సల్టెన్సీ ఫీజుగా మారిన పట్టిక మీ చేతి మీదుగా బయటికి పోకూడదు. ఉద్యోగం, వీసా, పిల్లలు అన్నీ దృష్టిలో పెట్టుకునే ఈ మాట అంటున్నాను. ఎలా తప్పుకోవాలో కూడా చెబుతాను. అంతకుముందు మీ వారితో కొంత మాట్లాడాలి. ఆయన అడిగినదాన్ని చాలామంది మంచివాళ్ళు కూడా నిజాయతీగానే అడుగుతారు.

ప్రైవేటు కంపెనీ తన మనిషికి ఎంతైనా ఇచ్చుకోవచ్చు. చట్టం కూడా ఆ మాటే చెబుతుంది. మీ అధికారికి 9,00,000 కాదు, 90,00,000 ఇచ్చినా అడిగేవారు లేరు. అందులో ఎంత భాగాన్ని ప్రజల మీద వేయవచ్చు అన్న దగ్గర మాత్రమే గీత ఉంది. ఆ గీత పైన ఉన్నదంతా కంపెనీ తన లాభంలోంచి ఇచ్చుకోవాలి.

మీ వారికి ఇల్లు కట్టించుకునే సంగతిగా చెప్పి చూడండి. మేస్త్రీకి మొత్తం ఇల్లు గుత్తకు ఇస్తే, ఇంత అని ఒక అంకె అనుకుంటాం. అందులో ఆయన తన కొడుక్కి ఎంత ఇచ్చుకున్నాడో మనం అడగం. అలా కాకుండా, సిమెంటు, ఇసుక, కూలి ఎంతయితే అంత మనమే ఇచ్చి, పైన ముందే అనుకున్న లాభం ఇచ్చే ఏర్పాటు ఇంకొకటుంది. అప్పుడు ప్రతి చీటీ మనం చూస్తాం. చూడాలి కూడా. మేస్త్రీ తన కొడుక్కి కొన్న మోటారు సైకిలును ఇసుక ఖాతాలో రాస్తే ఊరుకుంటామా? మీ కంపెనీ చేసేది ఈ రెండో రకం పని. ఈ పరిమితి గట్టిగా పట్టుకునేది కూడా ఇలాంటి కాంట్రాక్టులనే. బజారులో అందరికీ అమ్మే సరుకును బజారు ధరకు ప్రభుత్వం కొన్నప్పుడు, ఆ కంపెనీ యజమాని జీతం ఎంతో ఎవరూ లెక్కవేయరు.

ఇక "ఏపాటి" అన్న మాట. పెద్ద అధికారి జీతం ఏ ఒక్క కాంట్రాక్టు మీదా నేరుగా పడదు. ఆఫీసు అద్దె, కరెంటు బిల్లు, అకౌంట్స్ విభాగం ఖర్చులతో పాటు పరోక్ష ఖర్చుల రాశిలో కలుస్తుంది. అక్కడి నుంచి అన్ని కాంట్రాక్టుల మీదికీ ఇంత శాతం చొప్పున పంచుకుపోతుంది. అందుకే ఒక్కొక్క బిల్లులో చూస్తే చిల్లరలా కనిపిస్తుంది. మీ వ్యాపారంలో ఐదింట నాలుగు వంతులు ఖర్చు తిరిగి వచ్చే కాంట్రాక్టులైతే, 2,54,000లో ఉరమరగా 2,03,200 డాలర్లు ప్రజల సొమ్ములోంచి వస్తాయి. ఇది ఒక్క మనిషి పేరు మీద, ఒక్క సంవత్సరంలో.

అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం అంటే ఇదే. కాకపోతే ఇక్కడ ఆ అత్త ఎవరో నేను దగ్గరగా చూశాను. 2019 జనవరిలో నేను మేరీలాండ్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. బడ్జెట్ తగాదాతో అమెరికా ప్రభుత్వ కార్యాలయాలు 35 రోజులు మూతపడిన రోజులవి. మా అమ్మాయి వాళ్ళ వీధి చివర ఒక పెద్దావిడ ఉండేది. ప్రభుత్వ భవనంలోని క్యాంటీన్‌లో వడ్డించే పని. ఉద్యోగం ఇచ్చింది ప్రభుత్వం కాదు, ఒక కాంట్రాక్టు కంపెనీ. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, జీతం చీటీ తీసి బల్ల మీద పెట్టింది. గంటల గడిలో సున్నా. దాని పక్క గడిలోనూ సున్నా. ఆగిన జీతాలన్నీ తిరిగి ఇస్తారని టీవీలో విన్నదట, తనకూ వస్తాయా అని మా అమ్మాయిని అడిగింది. రావని చెప్పడానికి మా అమ్మాయికి చాలాసేపు నోరు పెగలలేదు. ఆ నెలలో వచ్చిన చట్టం ప్రభుత్వ ఉద్యోగులకే వెనకటి జీతం హామీ ఇచ్చింది. కాంట్రాక్టు కంపెనీల్లో పనిచేసేవారికి ఆ హామీ లేదు. ఆవిడ చీటీని మడిచి, కోటు లోపలి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆవిడా పన్ను కడుతుంది. మీ అధికారి బోనస్‌లో ఆవిడ చెమట చుక్క కూడా ఉంటుంది.

2024లో ఫెడరల్ కాంట్రాక్టుల మీద పనిచేసే అట్టడుగు కార్మికులకు గంటకు కనీసం 17.20 డాలర్లు ఇవ్వాలని ఉత్తర్వు ఉండేది. సంవత్సరానికి 2,080 గంటల లెక్కన 35,776 డాలర్లు. పైవారి పరిమితి 6,46,000. ఆ కార్మికురాలు పద్దెనిమిదేళ్ళు పనిచేస్తే వచ్చేది, పైన ఒక మనిషికి ఒక్క ఏడాదిలో ప్రజల సొమ్ములోంచే ఇవ్వవచ్చన్నమాట. అదీ చాలలేదు మీ కంపెనీకి. పైగా 2025 మార్చిలో ఆ కనీస వేతన ఉత్తర్వునే రద్దు చేశారు. స్థానికంగా ఆ పనికి నడిచే కూలి రేటు ఇవ్వాలన్న 1965 నాటి సేవా కాంట్రాక్టుల చట్టం ఉంది కాబట్టి కొందరికైనా కాస్త ఊతం మిగిలింది. పై గీత గురించి గంటల తరబడి వాదించుకునే పెద్దలు కింది గీత చెరిగిపోతే పట్టించుకోకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

పరిమితి న్యాయమైనదేనా అని అడిగారు. గీత ఉండడం న్యాయమే. ఇప్పుడున్న గీత చాలా ఎత్తున ఉందన్నది నా అభిప్రాయం. అది అక్కడికి ఎలా చేరిందో తెలిస్తే మీరూ ఒప్పుకుంటారనుకుంటాను.

1990ల నడుమ రక్షణ కంపెనీలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్న కాలంలో ఈ గొడవ మొదలైంది. లాక్‌హీడ్, మార్టిన్ మారియెటా కంపెనీల విలీనం సందర్భంగా పై అధికారులకు భారీ బోనస్‌లు ముట్టాయి. అందులో కొంత ప్రభుత్వం మీద వేయబోయారు. ఒక పక్క వేలమంది కార్మికుల ఉద్యోగాలు పోతుంటే ఇదేమిటని అప్పటి ప్రతినిధుల సభ సభ్యుడు బెర్నీ శాండర్స్ వంటివారు నిలదీశారు. రక్షణ శాఖ బడ్జెట్ చట్టాల్లోనే 2,50,000 డాలర్ల ప్రాంతంలో మొదటి హద్దులు పెట్టారు. తరువాత శాశ్వత ఏర్పాటు పేరుతో ఒక సూత్రం తెచ్చారు. ఏటా 5 కోట్ల డాలర్లకు మించి అమ్మకాలున్న కంపెనీల్లో, అత్యధిక జీతం పొందే ఐదుగురేసి అధికారుల ఆదాయాలు తీసుకుని, ఆ వరుసలో నడిమధ్య అంకెను పరిమితిగా పెట్టడం.

వినడానికి శాస్త్రీయంగానే ఉంటుంది. కానీ ఎవరి జీతాలకు హద్దు పెట్టాలో, ఆ వర్గం జీతాలతోనే కొలబద్ద తయారుచేశారు. వారి జీతాలు పెరిగితే కొలబద్ద పెరుగుతుంది. 1998లో 3,40,650 డాలర్లుగా మొదలైన పరిమితి 2012కి 9,52,308 డాలర్లయింది. ఆ పద్నాలుగేళ్ళలో సామాన్యుడి జీతం అలా దాదాపు మూడింతలు కాలేదు. అమెరికా అధ్యక్షుడి జీతం 2001 నుంచీ 4,00,000 డాలర్లే. అధ్యక్షుడి కింద పనిచేసే శాఖకు సేవలు అమ్మే కంపెనీ అధికారికి, అధ్యక్షుడికి ఇచ్చేదానికి రెండింతలకు పైగా అదే ఖజానా చెల్లించిందన్నమాట.

దీని మీద రెండు పార్టీల వారూ కలిసి పోరాడారు. డెమోక్రాట్లు బార్బరా బాక్సర్, జో మాన్షిన్, రిపబ్లికన్ చక్ గ్రాస్లీ 2013లో సెనేట్‌లో ఒక బిల్లు పెట్టారు. ఉపాధ్యక్షుడి జీతం, అంటే అప్పట్లో 2,30,700 డాలర్లు దాటకూడదని అందులో కోరారు. ఒబామా ప్రభుత్వం అధ్యక్షుడి జీతం దగ్గర ఆపుదామంది. చివరికి 2013 డిసెంబరులో బడ్జెట్ రాజీలో భాగంగా 4,87,000 దగ్గర తెగింది. 2014 జూన్ 24 నుంచి కుదిరిన కాంట్రాక్టులకు అది వర్తించింది. అధికారులకే కాదు, కాంట్రాక్టు కంపెనీలోని ప్రతి ఉద్యోగికీ అదే హద్దు. మరో పెద్ద మార్పు, పాత కొలబద్దను తీసేసి, దేశంలోని ఉద్యోగులందరి వేతన ఖర్చు ఎంత పెరిగితే పరిమితి అంతే పెరగాలన్నారు. అలా పెరుగుతూ 2023లో 6,19,000, 2024లో 6,46,000 అయింది.

మీ కాంట్రాక్టును పర్యవేక్షించే ప్రభుత్వ అధికారి మామూలు జీతాల పట్టికలో ఉంటే, ఎంత అనుభవం ఉన్నా 2024లో ఆయన జీతం 1,91,900 డాలర్లు దాటడానికి వీల్లేదు. ఆ మనిషి సంతకంతో విడుదలయ్యే సొమ్ములోంచి అవతలి మనిషికి మూడింతలకు పైగా పోవచ్చు. నన్నడిగితే ఉపాధ్యక్షుడి జీతం దగ్గర ఆపమన్న ఆ ముగ్గురు సెనేటర్ల మాటే సబబు. ఇంత హద్దు పెడితే మంచి నిపుణులు రారని కంపెనీలు అంటాయి. శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు, అరుదైన నైపుణ్యం ఉన్నవారి విషయంలో అవసరమైతే మినహాయింపు ఇచ్చే అధికారం శాఖాధిపతికి ఆ చట్టంలోనే ఉంది. ఆ మినహాయింపు కోసం అడగాలి, కారణం చూపాలి. మీ మేనేజర్ అడగమనలేదు, దాచమన్నారు.

ఇప్పుడు మీ పని. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆడిట్‌లోనే ఉన్నాను, ఇలాంటి పద్దులు ఎలా బయటపడతాయో ఎరుగుదును. ఫెడరల్ నిబంధనల ప్రకారం కన్సల్టెన్సీ ఖర్చుకు ఒప్పందం ఉండాలి, వివరాలతో బిల్లు ఉండాలి, చేసిన పనికి ఆనవాలుగా నివేదికో మరొకటో ఉండాలి. రక్షణ శాఖ ఆడిట్ సంస్థ నుంచి వచ్చే మనిషి మొదట అడిగేది ఈ మూడే. అధికారి కుటుంబం పేరు మీద ఉన్న సంస్థ, అధికారి బోనస్‌లో పరిమితి దాటిన ముక్కకు డాలరు తేడా లేకుండా సరిపోయే ఫీజు, వెనక కాగితం లేదు. ఇది దాగే పద్దు కాదు. అప్పుడు ఆ పట్టిక ఎవరి కంప్యూటర్‌లో తయారైందని వెతుకుతారు.

"సంతకం పెట్టేది నువ్వు కాదు" అన్న ధైర్యం మీకు పనికిరాదు. ఖర్చుల ధ్రువపత్రం మీద సంతకం కంపెనీ ఉపాధ్యక్షుడి స్థాయికో, ప్రధాన ఆర్థికాధికారి స్థాయికో తగ్గకూడదన్నది నిజమే. కానీ అమెరికాలో తప్పుడు క్లెయిముల చట్టం ఒకటుంది. అంతర్యుద్ధ కాలంలో, 1863లో, సైన్యానికి నాసిరకం సరుకు అమ్మిన కాంట్రాక్టర్ల కోసం తెచ్చారు. తెలిసీ తప్పుడు రికార్డు తయారుచేసిన వారికీ అది వర్తిస్తుంది. ప్రభుత్వానికి జరిగిన నష్టానికి మూడింతలు రాబట్టవచ్చు. పరిమితి దాటిన జీతాన్ని కలిపి లెక్క పంపినందుకు విడిగా జరిమానా కూడా ఉంది. మామూలుగా తోసిపుచ్చిన మొత్తం ఎంతో జరిమానా అంత, పైన వడ్డీ.

మీ లెక్క ఇంకా వెళ్ళలేదు. ఇది మీకున్న గొప్ప అవకాశం. ఒకవేళ వెళ్ళిపోయినా, ప్రభుత్వం ఆడిట్ మొదలుపెట్టకముందే కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుని సరిదిద్దిన లెక్క పంపితే ఆ జరిమానా మాఫీ చేస్తారు. కాబట్టి సరైన పద్దు రాయడం కంపెనీకి మేలే. మేనేజర్‌తో ఆ గొంతుతోనే మాట్లాడండి. నిందించకండి, మీరు మోసం చేస్తున్నారని అనకండి. నోటిమాటగా వచ్చిన ఆదేశాన్ని కాగితం మీదికి తెప్పించండి. చాలా సందర్భాల్లో అంతటితోనే ఆదేశం ఆవిరైపోతుంది. రాసి ఇమ్మంటే రాసి ఇచ్చే ధైర్యం ఇలాంటి పనులు చెప్పేవారికి ఉండదు. నా అనుభవంలో అదే ఎక్కువ చూశాను.

అప్పటికీ మేనేజర్ పట్టు వదలకపోతే, కంపెనీలో నిబంధనల అమలు చూసే అధికారికి చెప్పండి. అదీ కుదరకపోతే, శాఖకు సంబంధించిన అక్రమాలను విచారించే రక్షణ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఉన్నారు. ఈ రెండు చోట్ల చెప్పినా చట్టం మీకు రక్షణ ఇస్తుంది. కాంట్రాక్టు కంపెనీ ఉద్యోగి ఇలాంటి విషయం బయటపెట్టినందుకు కక్షసాధింపుగా తీసేస్తే, మూడేళ్ళలోపు ఇన్‌స్పెక్టర్ జనరల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఉద్యోగం, ఆగిన జీతం తిరిగి ఇప్పించే అధికారం చట్టంలో ఉంది. అయితే ఆ న్యాయం నెలల తరబడి నడుస్తుంది, వీసా గడియారం అంతకాలం ఆగదు. ఆ భయం నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసిపారేయను.

అందుకే ఈ వారమే, మేనేజర్‌తో మాట్లాడకముందే, ఇద్దరు లాయర్లను కలవండి. ఒకరు ఉద్యోగ చట్టాలు తెలిసినవారు, ఒకరు వలస చట్టాలు తెలిసినవారు. కంపెనీ లాయర్‌ను మాత్రం నమ్ముకోవద్దు, ఆయన ఎంత మంచివాడైనా ఆయన కక్షిదారు కంపెనీయే. హెచ్-1బీ మీద ఉన్నవారికి ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఆలోగా మరో కంపెనీ మీ తరఫున దరఖాస్తు పెట్టాలి. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ మీ తరఫున పెట్టే ఐ-140 దరఖాస్తు ఆమోదమై 180 రోజులు దాటిందో లేదో ఇవాళే చూసుకోండి. దాటి ఉంటే, కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా మీ వరుస తేదీ పోదు, హెచ్-1బీ పొడిగింపులకూ అది పనికివస్తుంది. ఈ ఒక్క విషయం తెలుసుకుంటేనే మీకు సగం నిద్ర పడుతుందని నా నమ్మకం. బయోడేటాను కూడా కొత్తగా రాసి పెట్టుకోండి. ప్రభుత్వ కాంట్రాక్టుల లెక్కలు తెలిసిన అకౌంటెంట్లు ఆ ప్రాంతంలో చాలా కంపెనీలకు కావాలి.

కంపెనీ కాగితాలు మాత్రం ఇంటికి తేవద్దు, సొంత మెయిల్‌కు పంపుకోవద్దు. మీ పక్షాన ఉన్న న్యాయాన్ని అదే దెబ్బతీస్తుంది. మేనేజర్ ఏ రోజు, ఏ సమయానికి, ఏ మాటలతో చెప్పారో ఇంట్లో ఒక నోటు పుస్తకంలో మీ సొంత చేతిరాతతో రాసుకోండి, చాలు. తప్పుడు క్లెయిముల చట్టం కింద తామే దావా వేసి, రాబట్టిన సొమ్ములో వాటా పొందవచ్చని ఎవరైనా మీకు చెబుతారు. అది నిజమే. కానీ మీ ముందున్నది ఇంకా జరగని తప్పు. జరగకుండా ఆపగలిగిన చేతులు మీవి. ముందు ఆ పని చేయండి.

మీ వారికి ఈ ఉత్తరం చూపించండి. ఆయన భయపడేది మీ కోసం, పిల్లల కోసం. దానికి నేను ఆయన్ని తప్పుపట్టను. లాయర్ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళండి.

లాయర్ సరేనన్నాక మేనేజర్‌కు రాయవలసిన మెయిల్ ఇది. కంపెనీ మెయిల్ నుంచే పంపండి, ఇంతకంటే ఒక్క వాక్యం ఎక్కువ వద్దు: "2024 లెక్కల్లో ఫలానా అధికారికి చెల్లించిన మొత్తంలో 6,46,000 డాలర్లు దాటిన 2,54,000 డాలర్లను, ప్రభుత్వం తిరిగి చెల్లించని ఖర్చుల ఖాతాలో చూపుతున్నాను. దీన్ని కన్సల్టెన్సీ ఫీజుగా చూపాలంటే అందుకు సంబంధించిన ఒప్పందం, బిల్లు, పని నివేదిక నాకు పంపగలరు. జూన్ 30 గడువు దృష్ట్యా శుక్రవారంలోగా తెలియజేయగలరు."